కృతజ్ఞతా ప్రార్థన ఎలా చేయాలి: మేలును పేరు పెట్టి చెప్పడం

తెలుగు క్రైస్తవ కుటుంబాలలో ప్రార్థన సాధారణంగా కృతజ్ఞతతోనే మొదలవుతుంది. "కృపగల తండ్రీ, గడిచిన కాలమంతా కాచి కాపాడి, నేటి దినాన సజీవుల లెక్కలో ఉంచినందుకు నీకు స్తోత్రం" అన్న వాక్యం తెలియని విశ్వాసి ఉండరు. ఆ వాక్యంలో తప్పేమీ లేదు. అయితే చాలామంది ప్రార్థనలో కృతజ్ఞత ఆ ఒక్క వాక్యంతోనే ముగిసిపోతుంది. తరువాతి వాక్యం నుండి పిల్లల చదువు, ఉద్యోగం, అప్పు, ఆరోగ్యం అంటూ విన్నపాలు వరుస కడతాయి. కృతజ్ఞత కోసమే కొంత సమయం కేటాయించి ప్రార్థించాలనుకునేవారు, లేదా ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకుని అక్కడ ఏమి చెప్పాలో తోచనివారు ఈ పద్ధతిని అనుసరించవచ్చు.

ముందుగా 136వ కీర్తనను ఒకసారి బిగ్గరగా చదవండి. అందులో 26 వచనాలు ఉన్నాయి. ప్రతి వచనమూ "ఆయన కృప నిరంతరముండును" అన్న మాటతోనే ముగుస్తుంది. మనకు గుర్తుండేది ఆ పల్లవి. కాని వచనపు మొదటి సగం ఎక్కడా మరొకదానిలా ఉండదని గమనించండి: ఆకాశాన్ని చేయడం ఒక చోట, ఎఱ్ఱసముద్రాన్ని పాయలుగా చేయడం మరొక చోట, అరణ్యంలో నడిపించడం ఇంకొక చోట వస్తాయి. అమోరీయుల రాజైన సీహోను, బాషాను రాజైన ఓగు వంటి పేర్లను కూడా కీర్తనకారుడు విడిచిపెట్టలేదు. మన ప్రార్థనలలో పల్లవి నిలిచింది గాని, ఆ మొదటి సగం జారిపోయింది. దానిని తిరిగి చేర్చడమే ఇక్కడ చేయవలసిన పనిలో సింహభాగం.

మోకరించక ముందే మేళ్లను సమకూర్చుకోండి

కృతజ్ఞతా ప్రార్థనకు సిద్ధపాటు కావాలి. అవసరాలు తమంతట తామే గుర్తుకొస్తాయి. మేళ్లను మాత్రం వెదికి పట్టుకోవాలి. "ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము" అని 103వ కీర్తనలో దావీదు తన ప్రాణానికి తానే చెప్పుకోవలసి రావడం ఇందుకే. ఒక చిన్న నోటుపుస్తకం తీసుకుని, పైన తేదీ వేసి, నిన్న ఉదయం లేచినది మొదలు రాత్రి పడుకునే వరకు జరిగినవాటిని వరుసగా తలచుకుంటూ, మేలు అనిపించిన ప్రతిదానినీ ఒక్కొక్క పంక్తిలో రాయండి. 16వ శతాబ్దంలో, కాథలిక్ సంఘంలో యేసుసభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా దినాంత ఆత్మపరిశీలనకు ఒక క్రమాన్ని ఏర్పరచినప్పుడు, తప్పులను వెదకడానికి ముందే పొందిన మేళ్లకు దేవునికి కృతజ్ఞత చెప్పడాన్ని మొదటి అంశంగా పెట్టాడు. మీరు ఏ శాఖకు చెందిన సంఘానికి వెళ్లినా ఈ వరుస ఉపయోగపడుతుంది.

రాసేటప్పుడు వివరంగా రాయండి. "ఆరోగ్యం" అని రాస్తే అది శీర్షిక మాత్రమే అవుతుంది. "మంగళవారం రిపోర్టు చూసి, ఇక ఈ మాత్ర అవసరం లేదని డాక్టరు గారు అన్నారు" అని రాస్తే అది మేలు అవుతుంది. "కుటుంబం" అని రాయడానికి బదులు "ఆరు నెలలుగా మాట్లాడని మరిది పండుగకు ఇంటికి వచ్చి భోజనం చేసి వెళ్లాడు" అని రాయండి. చిన్న విషయాలకు సిగ్గుపడనవసరం లేదు. సమస్త జీవులకు ఆయన ఆహారమిస్తున్నాడన్న మాట, ఎఱ్ఱసముద్రం ఉన్న ఆ కీర్తనలోనే ఉంది.

మేలు ఎవరి చేతుల మీదుగా వచ్చిందో వారి పేరు కూడా పక్కనే రాయండి. చెరలో ఉన్న పౌలుకు ఫిలిప్పీ సంఘంవారు సహాయం పంపినప్పుడు, దానిని తెచ్చిన ఎపఫ్రొదితు పేరును ఆయన తన పత్రికలో నమోదు చేశాడు. అదే పత్రిక మొదట్లో, వారిని తలచుకున్నప్పుడెల్లా దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లిస్తున్నానని రాశాడు. ఆసుపత్రిలో రాత్రంతా మీతో కూర్చున్న ఎదురింటి అక్కను, రక్తం ఇచ్చిన ముక్కు మొహం తెలియని కుర్రవాడిని ప్రార్థనలో ప్రస్తావించడం వల్ల దేవుని మహిమకు లోటేమీ రాదు.

తరువాత, గతంలో మీరు అడిగిన ప్రార్థనలను గుర్తు చేసుకోండి. చాలా సంఘాలలో ప్రార్థన మనవులను చీటీల మీద రాసి ఇచ్చే అలవాటు ఉంది. ఆ మనవి నెరవేరిందని మరొక చీటీ రాసి ఇచ్చేవారు తక్కువ. లూకా సువార్త 17వ అధ్యాయంలోని పదిమంది కుష్ఠరోగులు దూరాన నిలిచి, తమను కరుణించమని కేకలు వేశారు. బాగుపడిన తరువాత తిరిగి వచ్చినవాడు ఒక్కడే, అతడు సమరయుడు. అతడు గొప్ప శబ్దంతో దేవుని మహిమపరుస్తూ వచ్చాడని లూకా ప్రత్యేకంగా చెబుతాడు. అడిగినప్పుడు ఉన్నంత గొంతు, అందుకున్న తరువాత కూడా ఉండాలి. ఉపవాస కూడికలో పదిమంది ముందు కన్నీటితో అడిగిన మనవికి ఇంట్లో ఒక్క పొడి మాటతో స్తోత్రం చెప్పి ఊరుకోవడం సరిపోదని నా అభిప్రాయం.

ప్రార్థనను ఏ వరుసలో చెప్పాలి

రాసుకున్నది దగ్గర పెట్టుకుని ప్రార్థించండి. చూసి చెబితే ఆత్మీయత తగ్గుతుందని భయపడవలసిన అవసరం లేదు. మొదట దేవుని సంబోధించండి. ఆ సంబోధన మీరు చెప్పబోయే మేలుకు తగినట్లు ఉంటే బాగుంటుంది: స్వస్థత గురించి అయితే స్వస్థపరచే దేవా అని, పోషణ గురించి అయితే పోషకుడవైన తండ్రీ అని పిలవవచ్చు. తరువాత మేలును జరిగింది జరిగినట్లు చెప్పండి. ఆ మేలులో దేవుని గురించి మీకు ఏమి తెలిసిందో ఒక వాక్యంలో చెప్పండి. సహాయపడిన మనుషుల కొరకు కృతజ్ఞత చెప్పండి. అక్కడి నుండి క్రీస్తులో కలిగిన రక్షణ దగ్గరకు రండి.

ఈ చివరి భాగాన్ని విడిచిపెట్టకూడదు. 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థనా గ్రంథంలోని సామాన్య కృతజ్ఞతా ప్రార్థన ముందు సృష్టిని, తరువాత పోషణను, ఈ జీవితపు సమస్త ఆశీర్వాదాలను తలచి, వాటన్నిటికంటె మిన్నగా ప్రభువైన యేసుక్రీస్తు ద్వారా కలిగిన విమోచనను నిలబెడుతుంది. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో (సి.ఎస్.ఐ.) కలిసిన సంప్రదాయాలలో ఆ ఆంగ్లికన్ వారసత్వం కూడా ఒకటి. ఆ వరుసలో ఒక వివేకం ఉంది. ఉద్యోగం పోవచ్చు, ఆరోగ్యం చెడవచ్చు. వాటి మీదే ఆగిపోయే కృతజ్ఞత వాటితోపాటే పోతుంది. అలాగని ఇంటి మేళ్లను రెండు ముక్కల్లో తేల్చి, నేరుగా సిలువ దగ్గరకు పరుగెత్తడం కూడా సరి కాదు.

తల్లికి శస్త్రచికిత్స జరిగి ఇంటికి వచ్చిన తరువాత ఒక కుమార్తె చేయదగిన ప్రార్థన ఇలా ఉండవచ్చు:

"స్వస్థపరచే దేవా, మా తండ్రీ, నీకు కృతజ్ఞతాస్తుతులు. అమ్మకు కడుపులో నొప్పి వచ్చిన రాత్రి మాకు దిక్కు తోచలేదు. ఆ వేళలో పిలవగానే ఆటో తెచ్చిన మా వీధి అన్న కొరకు నీకు వందనాలు. డబ్బు ఎక్కడి నుండి తేవాలా అని నేను వరండాలో నిలబడి ఉన్నప్పుడు, అడగకముందే ఫోను చేసిన మా పిన్ని కొరకు వందనాలు. ఆపరేషన్ చేసిన డాక్టరు గారి చేతులకు నీవిచ్చిన నేర్పు కొరకు, రాత్రిళ్లు విసుక్కోకుండా చూసిన నర్సమ్మల కొరకు వందనాలు. నిన్న అమ్మ తనంతట తాను లేచి పెరట్లోకి వెళ్లి, తులసి రంగు చీర ఆరవేసుకోవడం నా కళ్లతో చూశాను ప్రభువా. మేము నిన్ను మరచిన దినాలలో కూడా నీవు మమ్మును మరువలేదని తెలుసుకున్నాము. అన్నిటికంటె మిన్నగా, మా పాపముల నిమిత్తం నీ కుమారుని అనుగ్రహించినందుకు నీకు స్తోత్రం. నీవు తిరిగి ఇచ్చిన ఈ దినాలను నీ ఇష్టప్రకారం వాడుకో. యేసుక్రీస్తు నామమున కృతజ్ఞతాస్తుతులు చెల్లిస్తున్నాము, తండ్రీ, ఆమేన్."

ఇందులో మనవి దాదాపు లేదని గమనించండి. మనలో చాలామందికి, ఏమీ అడగకపోయినా, ప్రార్థన చివర "అడిగి వేడుకొంటున్నాము" అన్న మాట దానంతట అదే నోటికి వస్తుంది. కృతజ్ఞతా ప్రార్థనను కృతజ్ఞతతోనే ముగించండి. విన్నపాలు తప్పని కాదు. ప్రార్థన విజ్ఞాపనలతో కృతజ్ఞత కలిసి ఉండాలని ఫిలిప్పీ పత్రిక 4వ అధ్యాయం చెబుతుంది. అయితే పది నిమిషాలు కృతజ్ఞతకని పెట్టుకున్నప్పుడు ఆ పది నిమిషాలూ దానికే ఉంచండి. విన్నపాలు తరువాత చెప్పుకోవచ్చు. భాష విషయానికొస్తే, గ్రంథపు భాషలో "చెల్లించుచున్నాను" అన్నా, ఇంట్లో మాట్లాడినట్లు అన్నా ఒకటే.

పోలికతో కృతజ్ఞత చెప్పకండి

లూకా సువార్త 18వ అధ్యాయంలో దేవాలయంలో నిలబడి పరిసయ్యుడు చేసినది కూడా కృతజ్ఞతా ప్రార్థనే. ఇతర మనుషుల వలె, పక్కన ఉన్న సుంకరి వలె తాను లేనందుకు అతడు దేవునికి కృతజ్ఞత చెప్పాడు. నీతిమంతుడుగా తీర్చబడి ఇంటికి వెళ్లినవాడు మాత్రం సుంకరి. ఈ పొరపాటు మన మధ్య మరొక రూపంలో తరచు వినిపిస్తుంది: "క్లాసులో ఎవరికీ రాని సీటు మా వాడికి ఇచ్చావు", "బస్సులో అందరూ పోయారు, మమ్మల్ని మాత్రం కాపాడావు". రెండవ మాట చెప్పేటప్పుడు ఆ బస్సులో పోయినవారి తల్లి ఆ కూడికలో కూర్చుని ఉండవచ్చు. ప్రాణం దక్కినందుకు నిండు మనసుతో స్తోత్రం చెప్పండి, పోయినవారి కుటుంబాల ఆదరణ కొరకు అదే ప్రార్థనలో వేడుకోండి. కృతజ్ఞతకని పెట్టుకున్న సమయంలో విన్నపాలు వద్దని పైన చెప్పిన నియమానికి ఇది తగిన మినహాయింపు. మీ మేలు మేలు కావడానికి మరొకరి నష్టం పక్కన ఉండాలా అని ప్రతి వాక్యానికీ ప్రశ్న వేసుకుంటే, ఏ మాట తీసివేయాలో మీకే తెలుస్తుంది.

నోరు రాని రోజులలో

"ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అన్న మాట థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికలో ఉంది. దీనిని దుఃఖంలో ఉన్నవారి మీద ఆయుధంగా వాడడం అన్యాయం. బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి వెళ్లి "స్తోత్రం చెప్పమ్మా" అనేవారిని మీరు కూడా చూసే ఉంటారు. లాజరు సమాధి దగ్గర యేసు ముందు కన్నీళ్లు విడిచాడు. తండ్రికి కృతజ్ఞత చెప్పింది ఆ తరువాత. ఆ వరుస మనకూ చెల్లుతుంది. కష్టంలో ఉన్నప్పుడు ముందు మీ ఫిర్యాదును దేవునికి పూర్తిగా చెప్పండి. 13వ కీర్తన "ఎన్నాళ్లవరకు" అన్న ప్రశ్నతో మొదలై పాటతో ముగుస్తుంది, కాని ఆ ప్రశ్నను అది దాటవేయదు. చెప్పడం అయిన తరువాత, ఆ రోజు మిమ్మల్ని నిలబెట్టిన ఒక్క చిన్న విషయం కనబడితే దానికి వందనం చెప్పండి: ఎవరో పట్టుకొచ్చిన అన్నం గిన్నె కావచ్చు, గంట సేపు పట్టిన నిద్ర కావచ్చు. అంజూరపు చెట్టు పూయకపోయినా, సాలలో పశువులు లేకపోయినా తన రక్షణకర్తయైన దేవునిలో సంతోషిస్తానన్న హబక్కూకు ప్రవక్త కూడా, లేనివాటిని ఒక్కొక్కటిగా పేరు పెట్టి చెప్పిన తరువాతనే ఆ మాట అన్నాడు. అదీ సాధ్యం కాకపోతే 88వ కీర్తన చదివి ఆపండి. అది చీకటితోనే ముగుస్తుంది, అయినా కీర్తనల గ్రంథంలో ఉంది.

ఇంట్లో అందరితో కలిసి

కుటుంబ ప్రార్థనలో 136వ కీర్తన పద్ధతినే పాటించవచ్చు. ఒకరు ఆ రోజు మేలు ఒకటి చెబుతారు, మిగిలినవారందరూ "ఆయన కృప నిరంతరముండును" అంటారు. "కరెంటు పోయినా లెక్కల పరీక్షకు చదువుకోగలిగాను" అని అమ్మాయి అంటే అందరూ పల్లవి పలకాలి. "నాయనమ్మ మోకాలి నొప్పి తగ్గి మేడ మెట్లెక్కింది" అంటే మళ్లీ పల్లవి. చిన్న పిల్లవాడు "ఐస్‌క్రీమ్ తిన్నాను" అంటే నవ్వకండి, సరిదిద్దకండి, దానికీ పల్లవి పలకండి. ఇంటి పెద్ద ఒక్కరే చాలాసేపు ప్రార్థించి మిగిలినవారు ఆమేన్ అనే కుటుంబాలలో ఈ మార్పు మొదట కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది. తాతయ్య గారి దీర్ఘ ప్రార్థనను తీసివేయనవసరం లేదు, ఆయనకంటె ముందు దీనిని పెట్టుకోండి. భోజనం ముందు చేసే ప్రార్థనను మాత్రం పొట్టిగానే ఉంచండి. పిల్లల ఆకలి కూడా దేవునికి తెలుసు.

కృతజ్ఞతా కూడిక ఏర్పాటు చేస్తున్నప్పుడు

కొత్త ఇల్లు, పరీక్షలో ఉత్తీర్ణత, ప్రసవం, వ్యాధి నుండి కోలుకోవడం వంటి సందర్భాలలో పాస్టరు గారిని, సంఘస్థులను, ఇరుగుపొరుగువారిని పిలిచి కూడిక పెట్టుకోవడం మన ప్రాంతాలలో స్థిరపడిన ఆచారం. ప్రారంభ ప్రార్థన, రెండు మూడు పాటలు, మీ సాక్ష్యం, వాక్యం, కృతజ్ఞతా ప్రార్థన, ఆశీర్వాదం, భోజనం అన్న క్రమం సరిపోతుంది. వీటిలో సాక్ష్యమే ఎక్కువగా దారి తప్పుతుంది. ఐదు నిమిషాలకు మించకుండా, ముందే కాగితం మీద రాసుకుని చెప్పండి. కష్టం ఏమిటి, ఏమి జరిగింది, ఎవరెవరు సహాయపడ్డారు అన్నవి ఉంటే చాలు. వైద్యం వల్ల నయమైతే వైద్యం చేయించామని స్పష్టంగా చెప్పండి. ఆ మాట దాచితే, వింటున్నవారిలో ఎవరైనా మందులు మానేసే ప్రమాదం ఉంది. సహాయం చేయని బంధువుల ప్రస్తావన తేవద్దు.

ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయం ఈ సందర్భానికి సరిగ్గా సరిపోతుంది. ఇశ్రాయేలీయుడు ప్రథమ ఫలాల గంపను తెచ్చి ఊరకే పెట్టి వెళ్లిపోడు. తన పితరుడు అరామీదేశస్థుడని, ఐగుప్తులో తాము బాధపడ్డామని, దేవుడు తమ మొర విన్నాడని కథంతా చెప్పి, తరువాత ఫలాలను సమర్పిస్తాడు. ఆ తరువాతి సంతోషంలో లేవీయుడికి, పరదేశికి కూడా పాలు ఉంటుంది. లేవీయకాండము 7వ అధ్యాయం ప్రకారం కృతజ్ఞతార్పణ మాంసాన్ని ఆ దినమే తినాలి, మరునాటికి మిగల్చకూడదు. ఒక పశువు మాంసాన్ని ఒక్క కుటుంబం ఒక్క పూటలో తినలేదు కాబట్టి నలుగురినీ పిలవక తప్పదని నాకు అనిపిస్తుంది. మీ కూడిక భోజనానికి తిరిగి పిలవలేనివారిని కూడా పిలవండి. అప్పు చేసి బిర్యానీ పెట్టకండి. టీ, బిస్కట్లతో జరిగిన కూడికలో ప్రార్థనకు లోపం రాదు.

కానుక ఇవ్వదలచుకుంటే కవరులో పెట్టి నిశ్శబ్దంగా ఇవ్వండి. పల్లెలలోని సంఘాలలో కోతకాలపు పండుగ నాడు కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి ఇచ్చి, వాటిని వేలం వేయడం ఉంది. డబ్బు చేతిలో లేనివారికి అది మంచి మార్గం. మిజోరంలో స్త్రీలు వంటకు బియ్యం తీసిన ప్రతిసారీ ఒక పిడికెడు దేవుని పనికి పక్కన పెట్టే అలవాటు ఉంది. రోజూ గుర్తుండే కృతజ్ఞత కావాలనుకునేవారు తమ వంటింట్లో అటువంటిదే ఒక డబ్బా పెట్టుకోవచ్చు.

మొక్కుబడి ఉంటే దానిని ఆలస్యం చేయకండి. మొక్కుకుని చెల్లించకపోవడం కంటె మొక్కుకోకపోవడమే మేలని ప్రసంగి 5వ అధ్యాయం సూటిగా చెబుతుంది. ఇకమీదట పెద్ద మొక్కులు మొక్కుకునే ముందు ఆ వచనం చదవండి.

కూడిక ముగిసిన వారంలోగా, మీ జాబితాలో పేర్లు ఉన్న మనుషులకు ఫోను చేయండి లేదా ఇంటికి వెళ్లి చెప్పండి. దేవునికి చెప్పుకున్నాం కదా అని మనుషులకు చెప్పడం మానేయకూడదు. నోటుపుస్తకాన్ని బైబిలులోనే పెట్టి ఉంచండి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు బయలుదేరే ముందు దానిని మొదటి పుట నుండి చదివి, ఇంకా ఎవరికీ చెప్పని మేలు ఏదైనా ఉంటే దాని పక్కన గుర్తు పెట్టుకోండి. సాక్ష్యాలకు పిలిచినప్పుడు లేచి చెప్పవలసింది అదే.